ఆ బొమ్మ ఎవరి ఒళ్లు?

కారు కొనడం మగవాళ్ల వ్యవహారమని మా ఇళ్లల్లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పాల్సిన అవసరమే రాదు. పోయినేడాది నేను కారు కొందామని వెళ్తే షోరూమ్‌లో కుర్రాడు ఇంజను గురించీ మైలేజీ గురించీ మా తమ్ముడితో మాట్లాడి, నా చేతికి రంగుల కార్డు ఇచ్చాడు. జీతం నాది, లైసెన్సు నాది. భద్రత సంగతేమిటని అడిగితే "ఫైవ్ స్టార్ మేడమ్" అన్నాడు. ఆ స్టార్లు ఎవరిచ్చారు, ఏ సంవత్సరం ఇచ్చారు, ఏ వేరియంట్‌కి ఇచ్చారు అన్నాను. మళ్లీ మా తమ్ముడి వైపే చూశాడు.

మనం పరీక్షించలేని వాటిని నమ్మే బతుకుతాం. మందుబిళ్ల మోతాదు, స్కానింగ్ రిపోర్టు, బస్సు బ్రేకులు, వేటినీ మన చేతులతో తేల్చుకోలేం. కాబట్టి నమ్మకాన్ని అజ్ఞానమనడం న్యాయం కాదు. కానీ ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచీ నేర్పే నమ్మకం వేరు. "నీకెందుకు, మేం చూసుకుంటాం కదా" అన్నప్పుడు ఊరుకోవడానికి పెట్టిన మంచిపేరు అది. మొదటి దాంట్లో అడిగే హక్కు మన దగ్గరే ఉంటుంది. రెండో దాంట్లో అడగడమే అవిధేయత. ప్రచురించిన రేటింగుని మనం ఏ రకంగా నమ్ముతున్నామన్నదే నా ప్రశ్న.

ఈ నక్షత్రాల వల్ల మేలు జరగలేదని అనను. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే చిన్న కార్లు ఐదింటిని, ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లని, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అన్నింటికీ సున్నా. అంతవరకూ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగిన కార్లవి. ఆ సిగ్గు ఊరికే పోలేదు. 2018 డిసెంబరులో నెక్సాన్‌కి ఐదు నక్షత్రాలు వచ్చాయి. 2019లో డ్రైవరుకి, 2022 నాటికి పక్క సీటుకీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది. 2023 అక్టోబరు 1 నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది.

అయితే భారత్ ఎన్‌క్యాప్ స్వచ్ఛందం. మార్కులొస్తాయనుకున్న పిల్లాడే పరీక్షకి కూర్చునే బడి లాంటిది. నక్షత్రాలు లేని కారు చెడ్డదో, పరీక్షకే రాలేదో కొనేవాళ్లకి తెలియదు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నిబంధనలు కఠినమయ్యాయి గనక అంతకు ముందరి ఐదూ తర్వాతి ఐదూ ఒకటి కావు. ప్రకటనలో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఇక కంపెనీలు తమంతట తాము చేసుకునే పరీక్షల సంగతి 2023 డిసెంబరులో జపాన్‌లో బయటపడింది. దైహత్సు కంపెనీ భద్రతా పరీక్షల్లో అవకతవకలు చేసిందని విచారణ సంఘం తేల్చింది. 64 మోడళ్లు.

బండి ఎన్నాళ్లు మొరాయించకుండా నడుస్తుందో చెప్పే రేటింగులు ఇంకో సంగతి. అవి గుద్దించి తేల్చేవి కావు, వాడినవాళ్లని అడిగి కూర్చినవి. అమెరికాలో 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే కార్లని తన డబ్బుతోనే కొంటుంది. అవార్డిచ్చి, ఆ అవార్డుని ప్రకటనల్లో వాడుకోవడానికి రుసుము పుచ్చుకునే సంస్థలూ ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం డబ్బు సంగతి కాదు, బొమ్మ సంగతి. బోరంచలో మా పెద్దమ్మకి ఈ పరీక్ష ఎట్లా చేస్తారో చెబుతుంటే ఆమె ఒక్కటే అడిగింది.

"గా బొమ్మ ఆడిదా, మొగదా బిడ్డా?"

"మొగదే పెద్దమ్మా."

"అయితె గది మొగోళ్ల కారు. మనకేం జెప్తది?"

భారత్ ఎన్‌క్యాప్ ఎదురుగా గుద్దించే పరీక్షలో ముందు సీట్లు రెండింటిలోనూ కూర్చునేది మగ బొమ్మలే. దాదాపు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు. 1970లలో అమెరికాలో తయారైన నమూనా. వెనక సీట్లో పిల్లల బొమ్మలుంటాయి. తల్లి లేదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ కొన్ని పరీక్షల్లో వాడే ఆడ బొమ్మ కూడా మగ బొమ్మనే కుదించి చేసింది. మెడ బలం, కటి నిర్మాణం, స్టీరింగుకి ఎంత దగ్గరగా జరిగి కూర్చుంటామన్నది కుదిస్తే వచ్చేవి కావు. సగటు స్త్రీ కొలతలతో ఆస్ట్రిడ్ లిండర్ బృందం స్వీడన్‌లో బొమ్మని తయారుచేసి చూపింది 2022లో.

బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లకి తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ల కన్నా 47 శాతం ఎక్కువని అమెరికా ప్రమాదాల లెక్కలు చూసి 2011లో పరిశోధకులు రాశారు. ఎదురు దెబ్బల్లో 73 శాతమని 2019లో ఇంకో అధ్యయనం. ఈ తేడాలో చాలాభాగం ఒంటి వల్ల కాదు, ఆడవాళ్లు చిన్న, తేలిక కార్లు నడపడం వల్లేనని 2021లో మరో సంస్థ అంది. కాళ్ల గాయాలు మాత్రం అప్పటికీ ఎక్కువే. ఆ వాదన సబబే కావచ్చు. మరి ఇంట్లో చిన్న బండి ఎవరి వాటాకి వస్తోంది?

అయినా పెద్దమ్మతో పూర్తిగా ఏకీభవించలేను. గుద్దుకున్నప్పుడు కారు చట్రం నలిగి లోపలికి వస్తే అందులో ఎవరున్నా నలుగుతారు. ఆ మాట మగ బొమ్మ కూడా నిజంగానే చెబుతుంది. సున్నాకీ నాలుక్కీ మధ్య తేడాని నమ్ముతాను. నాలుక్కీ ఐదుకీ మధ్య తేడా నా ఒంటికి వర్తిస్తుందని మాత్రం ఎవరూ రుజువు చూపలేదు. పెద్దమ్మ వెనక సీట్లో బెల్టు పెట్టుకుంటే మెడకి ఒరుసుకుంటోందని కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు సీట్లో బెల్టు ఎత్తు సవరించే వీలుంది. వెనక లేదు. ఏ నక్షత్రం ఆ సంగతి చెప్పలేదు.

బోరంచ నల్లపోచమ్మ గుడికి కొత్త బండ్లు పూజకి వస్తుంటాయి. టైర్ల కింద నిమ్మకాయలు. నేను వాటిని వెక్కిరించను. నిమ్మకాయ దేన్నీ కొలిచానని చెప్పుకోదు. నక్షత్రం చెప్పుకుంటుంది, అందుకే దాన్ని నిలదీయాలి.

నిలదీయడానికైనా నాకో కారుంది. ఇటు నారాయణఖేడ్ దారుల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కేవి ఆటోలు, ట్రాక్టరు ట్రాలీలు. భారత్ ఎన్‌క్యాప్ పరిధిలో అవి లేవు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్లేవాళ్లు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ బస్సు నడిపినతను అంతకు కొద్దిరోజుల ముందే ఉత్తమ డ్రైవరుగా సన్మానం అందుకున్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ సన్మానం అబద్ధమని నేననుకోను. బస్సులో వందమందికి పైగా ఎక్కారన్న సంగతి దాని లెక్కలోకి వచ్చేది కాదు, అంతే.