లెక్క అడగడం అనుమానించడమా?

లెక్క అడగడమంటే మనిషిని అనుమానించడమేనన్న భావన మన సమాజంలో బాగా పాతుకుపోయింది. మస్జిద్ కమిటీలో కోశాధికారిని రసీదు పుస్తకం చూపించమని అడిగితే చాలు, ఆయన ముఖం చిన్నబోతుంది. "నా మీద నమ్మకం లేదా?" అంటారు. అడిగినవాడే తప్పు చేసినట్టు తల వంచుకుని కూర్చుంటాడు. పైగా ఆ మౌనానికి మనం ధార్మికమైన పేరొకటి పెట్టుకున్నాం. తోటి విశ్వాసి పట్ల సదభిప్రాయం, అంటే హుస్నె జన్, కలిగి ఉండాలి కదా అంటాం. మాట మంచిదే. దాన్ని ఎక్కడ వాడుతున్నామన్నదే ప్రశ్న.

భద్రాచలం ఏజెన్సీలో ఎండాకాలం తునికాకు కల్లాల దగ్గర ఈ మొహమాటం ఉండదు. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో కోసిన ఆకును యాభయ్యేసి చొప్పున కట్టలు కట్టి తెస్తారు. 1,000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లేదారు లెక్క పెడుతుంటే ఆకు కోసిన స్త్రీ పక్కనే నిలబడి తానూ లెక్క పెట్టుకోవచ్చు. ఆమె తనను దొంగ అంటున్నదని అతడు అలగవలసిన పని లేదు. కష్టం ఆమెది, రావలసిన డబ్బు ఆమెది, కాబట్టి లెక్క కూడా ఆమెదే.

సరుకూ యజమానీ ఒకే చోట ఉన్నప్పుడు ఇది తేలిక. యజమాని ఎక్కడో దూరాన ఉన్నప్పుడే చిక్కు వస్తుంది. ఒక పెద్ద కంపెనీకి యజమానులంటే లక్షలాది వాటాదారులు. రిటైరైన ఒక ఉపాధ్యాయుడు ఖమ్మంలో కూర్చుని వంద షేర్లు కొని ఉంటాడు. (షేర్లలో ఏది హలాల్, ఏది హరామ్ అన్న చర్చ వేరు. దాన్ని ఇక్కడ ఎత్తడం లేదు.) ఆయన హైదరాబాదు వెళ్లి కంపెనీ ఖాతాలు తిరగేయలేడు. ఆయన తరఫున కల్లం దగ్గర నిలబడవలసినవారు డైరెక్టర్లు, ఆడిటర్లు. వారిని కనిపెట్టి ఉండవలసింది సెబీ వంటి ప్రభుత్వ సంస్థలు. పత్రికల్లో కార్పొరేట్ గవర్నెన్స్ అని రాసే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే.

ఆ నిలబడవలసినవారు నిలబడకపోతే ఏమవుతుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ 2008 నాటికి దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఒకటి. దాదాపు 53,000 మంది ఉద్యోగులు. మన జిల్లాల్లో ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడికి అందులో ఉద్యోగం దొరికితే ఇంట్లో పండుగే. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి సుపరిపాలనకే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ బోర్డులోని బయటి డైరెక్టర్లు సామాన్యులు కారు. హార్వర్డ్ ప్రొఫెసరు, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ వంటివారు. మదుపరులు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. ఖాతాల్లో నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవన్నది అందులోని సారాంశం. ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా కరిగిపోయింది.

5,040 కోట్లు బ్యాంకులో ఉన్నాయో లేవో తెలుసుకోవడం కష్టమైన విద్య కాదు. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, జవాబు నేరుగా తెప్పించుకుంటే సరిపోతుంది. ఆడిటరు వృత్తిలో ఇది మొదటి పాఠం. కాని ఈ ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు ఆ ఉత్తరాలు పంపే పనిని సత్యం యాజమాన్యం చేతికే వదిలేశాయని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. ధాన్యం తూచవలసినవాడు అమ్మేవాడినే తూచి చెప్పమన్నట్టు!

ఆ డైరెక్టర్లూ ఆడిటర్లూ కంపెనీ పట్ల సదభిప్రాయంతో ఉన్నారనే అనుకుందాం. అయినా వారు దోషులేనా? దోషులే అని నేనంటాను. సదభిప్రాయం కూడా ఒక దానం లాంటిదే. నా డబ్బు విషయంలో నేను ఎవరినైనా నమ్మవచ్చు. లెక్క అడగకుండా వదిలేయవచ్చు. నష్టపోతే నేనే నష్టపోతాను. ఇతరుల డబ్బుకు నన్ను కాపలా పెట్టినప్పుడు ఆ దానం చేసే హక్కు నాకు లేదు. పక్కింటివాడి బియ్యం తీసి బిచ్చం వేసి పుణ్యం సంపాదించుకోలేం. అలాగే వాటాదారుల సొమ్ముతో నేను ఔదార్యం చూపలేను. నా మొహమాటం ఖరీదు వారు చెల్లించవలసి వస్తుంది కనుక అది అమానతులో ద్రోహమే అవుతుంది.

ఈ తేడాను హజ్రత్ ఉమర్ (రజి) ఎంత స్పష్టంగా పాటించారో బుఖారీలోని ఒక సంఘటన చూపుతుంది. కూఫా గవర్నరుగా ఉన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వక్కాస్ (రజి) మీద అక్కడి ప్రజలు ఫిర్యాదు చేశారు. ఆయన నమాజు కూడా సరిగా చేయించరన్నారు. సఅద్ (రజి) ఎవరు? స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. ఉమర్ (రజి) ఆయన్ను పిలిపించి సంజాయిషీ విన్నారు. మీ గురించి నేను అనుకున్నదీ అదేనని ఆయనతోనే అన్నారు. అంటే సదభిప్రాయం ఉంది, దాన్ని పైకే చెప్పారు. అయినా కూఫాకు విచారణకు మనుషుల్ని పంపారు. వారు ఒక్క మస్జిదునూ వదలకుండా తిరిగి అడిగారు. ఒక్కచోట తప్ప అంతటా ప్రశంసలే వచ్చాయి. తన అవసాన కాలంలో ఉమర్ (రజి), సఅద్‌ను తొలగించింది అసమర్థత వల్లా కాదు, ద్రోహం వల్లా కాదు అని స్పష్టం చేసి మరీ వెళ్లారు. విచారణ వల్ల ఆయన గౌరవానికి ఏ లోటూ రాలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. గూఢచర్యం చేయవద్దని ఖుర్ఆన్ సూరా హుజురాత్‌లో వారించింది కదా, మరి ఈ తనిఖీలేమిటి? న్యాయమైన ప్రశ్నే. పదకొండవ శతాబ్దికి చెందిన ఇమామ్ మావర్దీ మార్కెట్ పర్యవేక్షకుడైన ముహ్తసిబ్ బాధ్యతలు వివరిస్తూ, దాచి ఉంచిన తప్పులను తవ్వి తీయడం సాధారణంగా అతని పని కాదన్నారు. తూనికలు, కొలతలను సరిచూడడం మాత్రం అతని పనేనన్నారు. ఇంటి గోడ లోపలిది ఒకటి, అంగట్లో వేలాడే త్రాసు మరొకటి. నలుగురి డబ్బు తీసుకుని వ్యాపారం చేస్తానని వచ్చినవాడు తన త్రాసును తానే అంగట్లో పెట్టాడు. దాన్ని చూడవద్దని అనే హక్కు అతనికి లేదు. ఛైర్మన్ ఇంట్లో ఏం తింటున్నాడన్నది మాత్రం మనకనవసరం.

మావర్దీ మరో సంగతి కూడా చెప్పారు. నియమితుడైన ముహ్తసిబ్ తన జీవనభృతిని బైతుల్‌మాల్ నుంచి పొందవచ్చు. అంటే దుకాణదారు నుంచి కాదు. నా దృష్టిలో మొత్తం సమస్యకు కీలకం ఇక్కడే ఉంది. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్‌బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అని రెండు కుప్పలు చూపినప్పుడు దైవప్రవక్త (స) మింబరెక్కి ఆగ్రహించారు. అతను తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అన్నది వారి ప్రశ్న సారాంశం. ఆ ప్రశ్నను దాదాపు తొమ్మిదేళ్లు ఒకే కంపెనీకి ఆడిట్ చేసిన సంస్థకు వేసి చూడండి. ఆ ఫీజు ఎవరి దయ?

దీనికి భిన్నమైన పద్ధతి మన కొత్తగూడెంలోనే ఉంది. సింగరేణి కాలరీస్‌లో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అది ప్రభుత్వ కంపెనీ గనుక చట్టం ప్రకారం దాని ఆడిటరును నియమించేది కాగ్. యాజమాన్యం తనకు నచ్చినవాణ్ణి తెచ్చుకోలేదు. ఇంతమాత్రాన అక్కడ తప్పే జరగదని కాదు. కాని లెక్క చూసేవాడు తనను ఎవరు ఉంచారు, ఎవరు తీసేయగలరు అని ఆలోచించుకున్నప్పుడు అతని కళ్ల ముందు మెదిలే ముఖం వేరు.

ఇక అమలు సంగతి. సత్యం కేసులో ప్రభుత్వం కొన్ని రోజుల్లోనే పాత బోర్డును తొలగించి కొత్తవారిని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వచ్చింది. సంస్థ నిలబడింది. శిక్షల విషయంలో ఆ వేగం లేదు. రాజుతో సహా పదిమందికి ప్రత్యేక కోర్టు శిక్ష విధించింది 2015 ఏప్రిల్ 9న. మరుసటి నెలలోనే పై కోర్టు వారి శిక్షలను నిలిపి బెయిలిచ్చింది. ఆడిట్ సంస్థపై సెబీ రెండేళ్ల నిషేధం విధించింది 2018లో. దాన్ని 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టివేసింది.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనం చూసేలా తడి గింజల్ని పైకి ఎందుకు పెట్టలేదని వారు అక్కడికక్కడే నిలదీశారు. మోసం చేసేవాడు తనవాడు కాడన్నారు. పైపైన చూసి మెచ్చుకుని వెళ్లిపోలేదు, చెయ్యి లోపలికి పెట్టారు. కొనేవాడు ఇంకా డబ్బు ఇవ్వకముందే పెట్టారు.

సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం లిస్టయిన కంపెనీల్లో ఒక ఆడిట్ సంస్థ వరుసగా పదేళ్లకు మించి కొనసాగకూడదన్నది. ఆడిటర్లపై నిఘాకు 2018లో ఎన్.ఎఫ్.ఆర్.ఎ. అనే జాతీయ సంస్థ ఏర్పడింది. స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలు చట్టంలోకే ఎక్కాయి. అయితే ప్రైవేటు కంపెనీల్లో ఆడిటరుకు ఫీజు ఇచ్చేది నేటికీ అతను లెక్క చూడవలసిన ఆ కంపెనీయే.