బోనులో కాదు, జ్యూరీ బెంచీ మీద

కథల్లో మాకు దొరికేవి రెండే చోట్లు. ఒకటి బోను, రెండోది శవం పడున్న చోటు. మహా అయితే సాక్షిగా పిలిచి, గవాహీ చెప్పించుకుని పంపించేస్తారు. తీర్పు చెప్పే కుర్చీలో మమ్మల్ని కూర్చోబెట్టిన కథ చాలా అరుదు. అందుకే ఒక నిజమైన కేసులోకి ఒక కల్పిత జ్యూరరును పంపి చూశాం.

కేసు చాలామందికి తెలిసిందే. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. పెనుగులాటలో రివాల్వరు పేలిందన్నాడు. కరంజియా 'బ్లిట్జ్' పత్రిక ఆయన పక్షాన నిలబడి హీరోను చేసింది. జ్యూరీలో తొమ్మిదిమంది. ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. ఒక్కరు కాదన్నారు.

ఆ ఒక్కణ్ణి మా కథలో మహమ్మద్ అలీ రోడ్డులో పుస్తకాల దుకాణం నడిపే సాయిబును చేశాం. చేశాక మాకే భయమేసింది. ముస్లిం కాబట్టి కాదన్నాడని రాస్తే, మా మీద లోకం రాసే కథనే మేమూ రాసినట్టు కదా!

కాబట్టి అతని ముందు సాక్ష్యమే పెట్టాం. నానావతి అబద్ధపు కారణం చెప్పి ఓడలోంచి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. ఆహూజా స్నానం చేసి వచ్చాడు. మూడు దెబ్బలు తగిలి కూలినా ఒంటిమీది తువ్వాలు ఊడలేదు. పెనుగులాడితే తువ్వాలు నిలుస్తుందా? ఈ ప్రశ్న అడగడానికి మతం అక్కర్లేదు.

అయితే ఒక్కటి మాత్రం అతనికి బతుకు నేర్పింది. చచ్చినవాడు చెడ్డవాడని ఊరంతా అనగానే ఆ చావు చిన్నదైపోతుంది. 'వాళ్లంతేలే' అన్న మాట అల్లర్ల తర్వాత మేమూ విన్నాం. ఆహూజా మావాడు కాదు, సింధీ. అయినా ఆ మాట మా సాయిబుకు తగిలింది.

జడ్జి ఆ తీర్పును ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపాడు. అక్కడ యావజ్జీవ శిక్ష పడింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి కోకా సుబ్బారావు. 1964లో నానావతికి క్షమాభిక్ష దొరికింది, అది వేరే సంగతి. ఉద్రేకాన్ని కొలవడానికి వివేకం గల మామూలు మనిషిని ఊహించుకోవాలనీ, అతని సమాజాన్నీ ఆచారాలనూ చూడాలనీ ఆ తీర్పులో ఉంది. మంచి మాటే. మా ప్రశ్న ఒక్కటే: ఆ మామూలు మనిషి తలమీద టోపీ ఉంటే అప్పుడూ మామూలు మనిషేనా?

1973 నేరవిచారణ చట్టంతో సెషన్స్ కోర్టుల్లో జ్యూరీ పోయింది. కానీ చాయ్ హోటళ్లలో, పేపర్లలో, టీవీల్లో, ఇప్పుడు చేతిలోని ఫోన్లలో రోజూ కూర్చుంటూనే ఉంది. ఆ బెంచీ మీద మాకూ చోటు కావాలి. మావాళ్లను విడిపించుకోవడానికి కాదు. ఎనిమిదిమంది ఔనన్నచోట, పరాయివాడి శవం కోసమైనా కాదనడానికి. ఇన్సాఫ్ అంటే మాకు తెలిసింది ఇదే.