ఆ నీరు ఎవరిది?



ఇటలీ దేశపు తూర్పు ప్రాంతంలో రవెన్నా అనే పట్టణం ఉంది. అక్కడ ఒకదాని నుండి మరొకదానికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో రెండు ప్రాచీన జ్ఞానస్నాన మందిరాలు ఉన్నాయి. రెండూ ఇటుక కట్టడాలే, రెండూ ఎనిమిది పలకలవే. లోపల నిలబడి తలెత్తి చూస్తే రెండు గుమ్మటాల నడుమా ఒకే దృశ్యం కనిపిస్తుంది. యోర్దాను నీటిలో నిలిచిన క్రీస్తు, పక్కన స్నాపక యోహాను, పైన పావుర రూపంలో పవిత్రాత్మ, చుట్టూ వరుసగా నడిచే పన్నెండుమంది అపోస్తలులు. అయినా ఈ మందిరాలను కట్టించుకున్న రెండు వర్గాలవారు ఒకరి విశ్వాసాన్ని మరొకరు ఒప్పుకోనివారు. అలాంటప్పుడు ఆ రెండు తొట్లలోని నీరు ఎవరిది? ఈ ప్రశ్న మన ఇళ్ళకు కూడా వచ్చే ప్రశ్నే. కనుక కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఈనాడు మన గుడులలో జ్ఞానస్నాన తొట్టి ఒక మూలనో, పీఠం దగ్గరనో ఉంటుంది. తొలి శతాబ్దాలలో దానికి వేరే గదినో, వేరే మందిరాన్నో కేటాయించేవారు. సిరియాలోని దూరా యూరోపోసు పట్టణంలో 3వ శతాబ్దంలో క్రైస్తవులు ప్రార్థనలకు వాడుకున్న ఒక మామూలు ఇల్లు తవ్వకాలలో బయటపడింది. అందులో ఒక గదిలో తొట్టి, దాని వెనుక గోడపై మంచి కాపరి చిత్రం ఉన్నాయి. 313లో శ్రీసభకు స్వేచ్ఛ లభించిన తరువాత పెద్ద పట్టణాలలో ప్రధాన దేవాలయాల పక్కనే ప్రత్యేక మందిరాలు లేచాయి. పాస్కా రాత్రి దీక్షార్థులు అక్కడ మెట్లు దిగి నీటిలోకి వెళ్ళేవారు. అవతలికి వచ్చి తెల్లని వస్త్రాలు ధరించి, అప్పుడే మొదటిసారిగా దివ్యసత్ప్రసాద విందుకు దేవాలయంలోకి నడిచేవారు. 387వ సంవత్సరపు పాస్కా రాత్రి మిలాను పట్టణంలో పునీత అంబ్రోసుగారి వద్ద పునీత అగుస్తీనుగారు జ్ఞానస్నానం పొందింది అలాంటి ఎనిమిది పలకల తొట్టిలోనే. దాని శిథిలాలు నేటి ప్రధాన దేవాలయం కింద ఉన్నాయి. ఎనిమిది ఎందుకంటారా? సృష్టికి ఏడు రోజులు. క్రీస్తు లేచిన ఆదివారం ఎనిమిదవ రోజు, అంటే కొత్త సృష్టికి మొదటి రోజు. ఆ గోడలు కూడా సత్యోపదేశం చేసేవన్నమాట.

ఇక రవెన్నా సంగతి. అక్కడి కతోలిక మందిరం 4వ శతాబ్దం చివర గాని 5వ శతాబ్దం మొదట్లో గాని లేచింది. తరువాత నెయోను అనే పీఠాధిపతి దాని గుమ్మటాన్ని రంగురాళ్ళ చిత్రాలతో అలంకరింపజేశారు. 493లో గోతు జాతి రాజు థియోడొరిక్ ఆ పట్టణాన్ని పట్టుకుని రాజధాని చేసుకున్నాడు. అతడూ అతని ప్రజలూ అరియుసు బోధను అనుసరించేవారు. కుమారుడు తండ్రితో సమానమైన దేవుడు కాడు, సృష్టింపబడినవాడే అన్నది ఆ బోధ. 325లో నీకయా మహాసభ దానిని తోసిపుచ్చింది. థియోడొరిక్ తల్లి మాత్రం కతోలికురాలు. ఒకే ఇంట్లో రెండు విశ్వాసాలు! ఆ రాజు తనవారి కోసం కట్టించినదే రెండవ మందిరం.

540లో రవెన్నా చక్రవర్తి జుస్తీనియను సేనల వశమైంది. కొన్నేళ్ళకు అరియుసు వర్గపు గుడులు కతోలికులకు దక్కాయి. అప్పుడేమి జరిగిందో చూడండి. థియోడొరిక్ కట్టించిన పెద్ద దేవాలయంలో రాజభవనం చిత్రం ఉంది. అందులోని మనుషుల రూపాలను తొలగించి ఆ స్థానంలో తెరలు చిత్రించారు. స్తంభాల మీద తెగిన చేతులు మాత్రం ఈనాటికీ కనిపిస్తాయి. కాని జ్ఞానస్నాన మందిరపు గుమ్మటం జోలికి ఎవరూ పోలేదు. మందిరం మరియమాత పేర ప్రార్థనాలయమైంది. యోర్దానులోని క్రీస్తు అలాగే ఉన్నాడు. మనుషులను చెరిపినవారు ఆయనను చెరపలేదు. ఎలా చెరుపుతారు? ఆయన ఆ వర్గపువాడు కాడు కదా!

ఈ విషయంలో శ్రీసభ అంతకుముందే ఒక నిర్ణయానికి వచ్చింది. అదీ సులభంగా రాలేదు. 3వ శతాబ్దంలో కార్తేజు పీఠాధిపతి పునీత సిప్రియానుగారు శ్రీసభ వెలుపల ఇచ్చిన స్నానం చెల్లదన్నారు. రోములో పోపు పునీత స్తెఫానుగారు మళ్ళీ ఇవ్వకూడదన్నారు. చివరకు రోము మాటే నిలిచింది. 385లో పోపు సిరీసియుసుగారు అరియుసు వర్గం నుండి వచ్చేవారికి తిరిగి జ్ఞానస్నానం ఇవ్వరాదని స్పెయిను దేశపు పీఠాధిపతికి వ్రాశారు. అదే అరియుసు బోధను నమ్మిన వాండలు రాజులు ఆఫ్రికాలో కతోలికులకు బలవంతంగా రెండవసారి స్నానం చేయించారు. అధికారం చేతిలో ఉన్నప్పుడు ఎదుటివాడి నీటిని నీరే కాదనడం ఎంత సులువో గమనించండి.

"అయితే ఏది నమ్మినా ఒకటేనా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కాదు, ఒకటి కాదు. క్రీస్తు దేవుడు కాకపోతే మన రక్షణకు అర్థమే లేదు. అయితే దానం వేరు, దానిని పట్టుకున్న చేయి వేరు. అగుస్తీనుగారు ఇందుకు చక్కని పోలిక చెప్పారు. రోము సైనికుని దేహంపై చక్రవర్తి ముద్ర వేసేవారు. సైనికుడు పారిపోయినా ముద్ర పోదు. తిరిగివస్తే కొత్తగా వేయరు. ఎందుకంటే అది సైనికుని సొత్తు కాదు, చక్రవర్తిది. ఆ ముద్ర పారిపోయినవాడిని సమర్థించదు. నీవు ఎవరివాడవో గుర్తుచేసి నిలదీస్తుంది. జ్ఞానస్నానమూ అంతే. ఇచ్చిన గురువు యోగ్యుడు కాకపోయినా అది క్రీస్తుదే. పొందిన మనం యోగ్యులం కాకపోయినా అది క్రీస్తుదే.

మన పల్లెలలో ఒకే పేటలో రెండు మూడు సంఘాల గుడులు ఉండడం మీకు తెలిసిందే. పెండ్లి సంబంధం కుదిరే వేళ "వాళ్ళది అసలు జ్ఞానస్నానమేనా?" అనే మాట వస్తుంది. ఇతర సంఘంలో నీటితో, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున సరిగా జ్ఞానస్నానం పొందినవారికి తిరిగి ఇవ్వరాదన్నదే 1983 నాటి శ్రీసభ చట్టం చెప్పేది. బలమైన సందేహానికి కారణముంటే తప్ప! ఇది ఇచ్చిపుచ్చుకునే మర్యాద కాదు. ఎదుటి సంఘం మన స్నానాన్ని ఒప్పుకోకపోయినా, వారిది మనం ఒప్పుకోవలసిందే.

ఇలా ఒప్పుకోవడానికి మనం చెల్లించవలసిన వెల ఒకటుంది. ఒకరి జ్ఞానస్నానం నిజమైనదని ఒప్పుకున్న తరువాత అతడిని పరాయివాడు అనడానికి వీలులేదు. ఈ మాట ఇతర సంఘాలవారి విషయంలోనే కాదు, మన విచారణలో మన పక్కన మోకరించేవారి విషయంలోనూ వర్తిస్తుంది. బావి నీటికి కులం హద్దులు గీసిన సమాజం మనది. ఒకే తొట్టి నీరు పొందినవారిని సమాధుల తోటలో విడదీస్తే, ఆ నీరు మనదేనని మనం అనుకుంటున్నట్లే. అది మనది కాదు. ఆ నీటికి సొంతదారు క్రీస్తు ఒక్కడే.