మాండవ్యుడి తూనీగ

నా ఫోన్లో ఒక ఎర్ర తూనీగ ఫోటో ఉంది. ముఖం, దాని కింద పుల్లను పట్టుకున్న ముందు కాళ్ళు, అంతే. కళ్ళు రెండూ ఫ్రేమంతా ఆక్రమించి ఉంటాయి. కాస్త జూమ్ చేస్తే కళ్ళలోని గదులు విడివిడిగా కనపడతాయి. మూతి మీది నూగులో రెండు నీటి బొట్లు. నేను తీసినవాటిలో ఎక్కువమంది మెచ్చుకున్నది అదే. ఎలా తీశావని అడిగిన వాళ్ళందరికీ ఒకటే చెప్పాను: నంద్యాల దగ్గర, కుందూ ఒడ్డున, తెల్లవారుజామున, మంచు ఆరకముందు.

అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. తీసింది ఆళ్ళగడ్డలో, మా పెద్దమ్మ కూతురు వాళ్ళింట్లో, మధ్యాహ్నం రెండింటికి, వంటింటి గట్టు మీద. చలి ఫ్రిజ్‌ది. నీటి బొట్లు ఇస్త్రీ బట్టల మీద కొట్టే స్ప్రే డబ్బావి.

మాక్రో ఫోటోగ్రఫీ తెలియని వాళ్ళకి ఇదంతా ఎందుకో చెప్పాలి. మాక్రో లెన్సు అంటే మామూలుగా వన్ టు వన్. అంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే పడుతుంది. సెంటీమీటరు ఉన్నది సెంటీమీటరుగానే. అంత దగ్గరికి వెళ్తే ఫోకస్‌లో ఉండే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను షార్ప్‌గా ఉంటే మూతి మసక, మూతి బాగుంటే రెక్క మొదలు మసక. అందుకని కొంచెం కొంచెంగా ఫోకస్ జరుపుతూ ముప్పై, నలభై ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫోటో చేస్తారు. దీన్నే స్టాకింగ్ అంటారు. దానికి కావలసింది ఒక్కటే: తూనీగ కదలకూడదు. తూనీగ కదలకుండా ఉండేది చలికి ఒళ్ళు బిగిసిన తెల్లవారుజామున. లేదంటే ఫ్రిజ్‌లో.

ఫ్రిజ్ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. పురుగులు మనలాగా ఒంటి వేడిని నిలబెట్టుకోలేవు, చల్లబడితే మగతగా పడి ఉంటాయి, వెచ్చబడితే లేస్తాయి, ఏం కాదు అంటారు. నాకిది భలే నచ్చింది. మా ఉద్యోగంలో నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, లోపల ఏముందో చూసి, మళ్ళీ నడిపించడం రోజూ చేసే పనే. ఆపినట్టు ప్రోగ్రామ్‌కి తెలీదు. తూనీగని కూడా అలాగే ఆపొచ్చు అనుకున్నాను. మొదటిసారి పది నిమిషాలు పెట్టాను. పన్నెండో ఫ్రేముకే రెక్కలు వణికించడం మొదలెట్టింది. ఎగిరే ముందు ఒళ్ళు వేడెక్కించుకోడానికి అవి అలా వణికిస్తాయి. మళ్ళీ పెట్టాను. రెండోసారి ఒక కాలు కదిలింది. మూడోసారి ఇరవై నిమిషాలు. ఈసారి ముప్పై ఆరు ఫ్రేములూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చున్నాయి. సాయంత్రం దాకా ఆ పుల్ల గట్టు మీదే ఉంది. తూనీగ కూడా.

ఆ మర్నాడు మా బావతో పాటు ఒక శిల్పశాలకి వెళ్ళాను. ఆళ్ళగడ్డ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అది రాతి బొమ్మల ఊరు. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ళు, నాయకులు దుమ్ములో నిలబడి ఉంటారు. అక్కడ బావకి తెలిసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. అప్పటికే నా ఫోటోకి వందల్లో మెచ్చుకోళ్ళు వచ్చి ఉన్నాయి కదా, గొప్పగా ఫోన్ తీసి చూపించాను. కళ్ళద్దాలు పైకి జరిపి, ఫోన్ని చాలాసేపు చూశాడాయన. నేను కళ్ళ గురించి ఏమైనా అంటాడనుకున్నా. విగ్రహానికి చివర్న తెరిచేది కళ్ళే కదా.

"ఏం నాయనా, ఇది బతికుండంగా తీసినావా, సచ్చినాకనా?"

బతికుండగానే అన్నాను.

"కాళ్ళు సూడు. పుల్లను పట్టుకోలే. పుల్ల మింద పెట్టినట్టుండాయి. బరువు పడలే."

ఆయన తప్పు పట్టడానికి అనలేదు. రాతిలో బరువు ఎక్కడ పడుతుందో రోజంతా చూసే మనిషి, కనపడింది చెప్పాడు. కానీ నేనప్పుడు చెప్పిన జవాబు అబద్ధమో కాదో నాకే తెలీదని నాకు తట్టింది అప్పుడే. చచ్చిన తూనీగ కళ్ళ రంగు వెలిసిపోతుంది గానీ వెంటనే కాదు. కాబట్టి ఫోటో చూసి తేల్చలేం. మూడోసారి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు అది మగతలో ఉందా, పోయిందా? నేను చూడలేదు. అంత దగ్గర్నుంచి, ముప్పై ఆరుసార్లు చూసి కూడా, అది బతికుందో లేదో చూడలేదు.

చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో వేసవి సెలవులంటే వక్కిలేరు, తూనీగలు. వెనకనుంచి మెల్లగా వెళ్ళి తోక పట్టుకోవడం, దానికి దారం కట్టి గాలిపటంలా ఎగరేయడం. ఇది చేయని పిల్లలు తెలుగునేల మీద తక్కువే ఉంటారు. అది చూసినప్పుడల్లా మా అవ్వ అణి మాండవ్యుడి కథ చెప్పేది. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచారు. రాజభటులు అడిగితే ముని పలకలేదు. దొంగలతో పాటు ఆయన్నీ కొరత వేశారు. చావలేదు. తర్వాత రాజు తప్పు తెలుసుకొని దించబోతే శూలం బయటికి రాలేదు. కోసేశారు, ముక్క లోపలే ఉండిపోయింది. ఆ ముక్కతోనే తిరిగాడు కాబట్టి అణి మాండవ్యుడు. ఏ పాపానికి నాకీ శిక్ష అని ధర్ముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు తూనీగల తోకల్లో పుల్లలు గుచ్చావు అన్నాడు ధర్ముడు. ఇంత చిన్న తప్పుకి అంత శిక్షా అని మాండవ్యుడు మండిపడి, నువ్వు శూద్ర యోనిలో పుట్టు అని శపించాడు. విదురుడి పుట్టుక అది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కాదనే హద్దు కూడా మాండవ్యుడు పెట్టిందే. సంస్కృత భారతంలో ఉన్న మాట పతంగికలు, అంటే ఏవో చిన్న రెక్కల పురుగులు. మా అవ్వ కథలో మాత్రం తూనీగలే.

అవ్వ చెప్పేటప్పుడు నేను మాండవ్యుడి పక్షం. ఎవరైనా అంతే. పురుగేంటి, మనిషేంటి? ఇప్పుడు మళ్ళీ చదువుకుంటే ధర్ముడి లెక్క నాకు వేరేగా కనిపిస్తోంది. ఆయన శిక్షని పెంచలేదు. పుల్లకి పుల్ల వేశాడు. గడ్డిపుల్ల పురుగు ఒంటికి ఎంతో, శూలం మనిషి ఒంటికి అంత. అది వన్ టు వన్. మాండవ్యుడు అడిగింది స్కేలు మార్చమని: మనిషి నష్టాన్ని మనిషి కొలతతో, పురుగు నష్టాన్ని కూడా మనిషి కొలతతోనే చూడమని. ఆ వాదన కథలో నెగ్గింది. మన చట్టాలూ మన మర్యాదలూ ఆ నెగ్గిన వాదన మీదే నడుస్తున్నాయి, నడవక తప్పదేమో కూడా. కానీ మాక్రో లెన్సు పట్టుకు తిరిగేవాడు ఆ వాదన చేయడం కొంచెం కష్టం. పురుగుని దాని కొలతలో చూడాలన్న సరదాతోనే కదా అంత డబ్బు పోసి ఆ లెన్సు కొన్నది!

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. తోక అని మనం దారం కట్టేది తోక కాదు. అది కడుపు. పది ఖండాలుగా ఉంటుంది. అరిగించుకునే గొట్టం, పొడుగాటి గుండె, రెండు పక్కలా ఊపిరి తీసుకునే రంధ్రాలు అందులోనే. మిట్ట మధ్యాహ్నం ఎండకి ఒళ్ళు కాలకుండా ఆ కడుపునే సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి, నీడ తగ్గించుకొని కూర్చుంటుంది. ఇవన్నీ నాకు తెలిసింది లెన్సు కొన్నాకే. ఫోటోలో ఖండాల మధ్య గీతలు చూసి, ఇవేంటని చదివితే తెలిసింది. అంటే చిన్నప్పుడు ఏం చేశానో నాకు చెప్పింది, పెద్దయ్యాక మళ్ళీ అదే పని చేయించిన వస్తువు.

తూనీగల గురించి మనకున్న జ్ఞానం చాలావరకు ఇలా వచ్చిందే. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరుగా పనిచేసిన ఫ్రేజర్ 1933-36 మధ్య మూడు సంపుటాల్లో ఈ దేశపు తూనీగలన్నిటినీ వర్ణించాడు. వాటిని పట్టి, చంపి, సూదికి గుచ్చకుండా ఆ పని అయ్యేది కాదు. లెవన్ బిస్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని పురుగుల్ని ఒక్కోదాన్నీ వేల ఫోటోలుగా తీసి, కలిపి, గోడంత బొమ్మలు చేశాడు. అవి ఎప్పుడో చచ్చి డబ్బాల్లో భద్రంగా ఉన్నవి, ఆ సంగతి ఆయన దాచలేదు. ఈ ఇద్దరినీ తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఫ్రేజర్ లాంటివాళ్ళు లేకపోతే నా ఎర్ర తూనీగకి పేరు కూడా ఉండేది కాదు.

మరి నాది మాత్రం తప్పెలా అయింది? నంద్యాల చుట్టుపక్కల కేసీ కాలువ కింద వరి, ఇంకాస్త పక్కకి వెళ్తే పత్తి, మిరప. ఒక్క మధ్యాహ్నం మందు కొడితే ఎన్ని పురుగులు పోతాయో ఎవరూ లెక్కపెట్టరు. ఆ బియ్యమే నేను తింటున్నాను. రాత్రి దోమల బ్యాటుతో టప టపమని కొడతాను, ఆ చప్పుడు వింటే తృప్తి కూడా. పైగా తూనీగ ఏమైనా సాధుజీవా? వెంటపడిన పురుగుల్లో నూటికి తొంభైకి పైగా పట్టేసే వేటగత్తె. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవే, ఒక్కొక్కటీ నిజమే. కానీ వీటిల్లో ఏదీ అబద్ధం ఎందుకు చెప్పానో చెప్పదు. మందు కొట్టిన రైతు కొట్టలేదని చెప్పడు. నేనే, ఎవరూ నిలదీయకముందే, కుందూ ఒడ్డు, మంచు అని ఒక కథ అల్లుకొని పెట్టుకున్నాను. తప్పు కాదనుకుంటే ఫ్రిజ్ అనే రెండక్షరాలు రాయడానికి ఏం అడ్డం?

పురుగుకి నొప్పి తెలుస్తుందా అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. 2024 ఏప్రిల్‌లో కొంతమంది శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు న్యూయార్క్‌లో ఒక ప్రకటన చేశారు. కీటకాలతో సహా చాలా జీవులకి ఏదో ఒక అనుభవం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమనీ, ఆ అవకాశం ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోకుండా నిర్ణయాలు తీసుకోవడం బాధ్యత కాదనీ దాని సారాంశం. మనకి ఇంతవరకూ 'తెలీదు' అంటే 'ఫర్వాలేదు' అని అర్థం. వాళ్ళేమో 'తెలీదు' అంటే 'ఆగు' అంటున్నారు. నాకు ఇది సబబుగా అనిపిస్తుంది గానీ, నా విషయానికి ఇది అవసరం లేదనిపిస్తుంది కూడా. దానికి నొప్పి లేదని రేపు రుజువైనా, బతికుందో లేదో చూడకుండా ముప్పై ఆరు ఫ్రేములు తీసినవాడి చూపు సంగతి అలాగే ఉంటుంది.

దగ్గరగా చూడడమే బాగా చూడడం అని ఈ సరదా ఉన్నవాళ్ళందరం నమ్ముతాం. వానాకాలంలో మన పొలాల మీద గుంపులుగా తిరిగే పసుపు పచ్చ తూనీగలు ఉన్నాయి, పాంటలా అంటారు. అర గ్రాము కూడా తూగవు. అవి ఏటా అక్టోబరులో మాల్దీవుల్లో దిగడం చూసి, చార్లెస్ ఆండర్సన్ అనే ఆయన ఇవి ఇండియా నుంచి సముద్రం దాటి ఆఫ్రికా వెళ్తున్నాయని 2009లో రాశాడు. మాల్దీవుల్లో వాటికి పిల్లల్ని పెట్టుకోడానికి మంచినీళ్ళు దాదాపు లేవు, మరి ఎక్కడికి పోతున్నట్టు అని ఆలోచించాడు. మాక్రో లెన్సుతో ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. అదీగాక అవి ఓ పట్టాన వాలవు. నా దగ్గర వాటి ఫోటో ఒక్కటి కూడా సరిగ్గా లేదు.

మొన్న దసరా సెలవులకి మళ్ళీ ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఫ్రిజ్ మానేసి ఏడాదవుతోంది. ఇప్పుడు నా ఫోటోలు సగం మసక, అది వేరే విషయం. అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. సాయంత్రం మిద్దె మీద ఉంటే గుప్పిట మూసుకొని పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మామా, నీకోసం పట్టినా. ఫ్రిజ్జులో పెట్టేదా?"

పోయినసారి వంటింట్లో నా పక్కనే నిలబడి చూసింది, ఆ సంగతే నాకు గుర్తులేదు. వద్దమ్మా, వదిలేద్దాం అన్నాను. మొహం చిన్నబుచ్చుకొని గుప్పిట తెరిచింది. ఎర్రదే. ఒక వెనక రెక్క మధ్యకి మడతపడింది. ఎగరబోయి పక్కకి ఒరిగింది. ఇద్దరం దాన్ని తులసి కుండీలో ఒక కొమ్మ మీదికి ఎక్కించాం. కాళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఫోటో తీయవా అంది. కెమెరా కింద గదిలో ఉంది, తేలేదు.

తెల్లారి నేను లేచేసరికి పాప అప్పటికే కుండీ దగ్గర ఉంది. కొమ్మ మీద ఏమీ లేదు. "ఎగిరిపాయె కదా మామా?" అంది. కుండీ వెనక గోడ వారన చీమలు బారులుగా పోతున్నాయి. వాటి మధ్యలో ఏదో మెరుస్తూ మెల్లగా కదులుతోంది.

"ఎగిరిపోయిందమ్మా" అన్నాను.