యథోచిత వేతనము

నిత్యము గీతాపారాయణము చేయు ఒక యువకుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ మేనేజరుగా నున్నవాడు, శ్రీవారి దర్శనానంతరము నన్నొక ప్రశ్న అడిగెను. క్రొత్తగా పిలిచిన కంపెనీవారు "ఎంత జీతము ఆశించుచున్నారు?" అని వ్రాయుమనిరట. "ఫలాశ కూడదని చదువు నేను ఆ ఖాళీలో ఏ అంకె వ్రాయుదును?" అని అతని సందేహము.

ఆ ఉద్యోగి తాను ప్రోగ్రాములు వ్రాయడు. పలు బృందములు వేర్వేరుగా చేయు పనులను ఒక గడువునకు పొందుపరచును. ఒకరి ఆలస్యము వేరొకరికి అడ్డు కాకుండ ముందే కనిపెట్టును. చిక్కు కలిగినచో పైవారికి దాచక తెలుపును. పెండ్లిలో వంటవాడును పురోహితుడును కాకున్నను, ముహూర్తమునకు అన్నియు అమరునట్లు తిరుగాడు మేనమామ వంటివాడు. అంతయు సవ్యముగ జరిగిననాడు అతడేమి చేసెనో ఎవరికిని కనబడదు. అట్టి పనికి వెల చెప్పుట కష్టమే.

అయినను కర్మఫలమును గూర్చి భగవానుడు పలికినది కర్త తన మనస్సునకు అన్వయించుకొనవలసిన మాట. పని చేయించుకొనువాడు జీతము కోయుటకు వాడదగినది కాదు. చిత్రకూటమున నారచీరలతో నున్న శ్రీరామచంద్రుడు భరతుని కుశలమడుగుచు, సైనికులకు భత్యమును వేతనమును యథోచితముగ, ఆలస్యము లేక ఇచ్చుచున్నావా యని ప్రశ్నించెను. మనువు చెప్పిన 18 వ్యవహారపదములలో వేతనము నీయకుండుట యొకటి.

కుచేలుడు ద్వారకకు పోయియు ఏమియు అడుగలేదు గదా యందురు. నిజమే. కాని అచట ఇచ్చువాడు శ్రీకృష్ణుడు. కంపెనీలకు సర్వజ్ఞత్వము లేదు!

అడుగుట దోషము కాదు, అసత్యము దోషము. పాత జీతమును పెంచి చెప్పుట, లేని మరొక ఉద్యోగమును చేతిలో నున్నట్లు చూపుట తెలిసిన తప్పులే. అంతకంటె సూక్ష్మమైనది, బృందముల శ్రమనంతయు తన ఘనతగా వర్ణించుట. ఈ ఉద్యోగమున దానికి అవకాశము మెండు. కంపెనీవారును సి.టి.సి. యను పెద్ద అంకెలో తాము కట్టు భవిష్యనిధి వాటాను, గ్రాట్యుటీని, వచ్చునో రాదో తెలియని వార్షిక ప్రోత్సాహకమును కలిపి చెప్పుచుందురు. నెలనెలా చేతికందునది వేరు. దానిని విడమరచి అడిగినవాడు లోభి కాడు. మన పిల్లలెందఱో పనిచేయు అమెరికాలో, కొలరాడో రాష్ట్రమున 2021 నుండి, కాలిఫోర్నియాలో 2023 నుండి, ఉద్యోగ ప్రకటనలోనే జీతపు పరిధి తెలుపవలెనను చట్టము అమలులోనికి వచ్చెను. అది ఉభయులను కొంత అసత్యమునుండి కాపాడును.

ఆ యువకుడు తోడివారిని విచారించి, బాధ్యతలను తలచుకొని, ఒక అంకె వ్రాసెను. పాత జీతమును ఉన్నదున్నట్లు తెలిపెను. కంపెనీవారు కొంత తగ్గించి చెప్పిరట. ఇంకను బదులీయలేదని మొన్న ఫోనులో చెప్పినాడు.