అడిగే నోరు

ఒక ఊరి ఎలిమెంటరీ స్కూలుకు తల్లిదండ్రుల కమిటీ ఉండేది. దానికి పెద్ద, బట్టలు కుట్టే ఆవిడ. ఊరంతా మిషనక్క అనేవాళ్ళు. చదివింది ఐదో తరగతే గానీ, అడగాల్సింది అడగకుండా ఇంటికి వెళ్ళే మనిషి కాదు. "నిన్న పిల్లలకి గుడ్డెందుకు పెట్టలేదు? మాస్టారు పదిన్నరకెందుకొచ్చారు? గ్రాంటు ఎంతొచ్చింది, దేనికి ఖర్చయింది?" అంటూ లెక్కల పుస్తకం తీయించేది. హెడ్మాస్టరు గారికి లోపల విసుగు, పైకి మర్యాద. బడి మాత్రం సవ్యంగా నడిచేది.

ఆవిడని చూసి మిగతా తల్లులూ వచ్చారు. మొదట్లో వేలిముద్ర వేసి వెళ్ళిపోయేవాళ్ళు, పోనుపోను తీర్మానం చదివించుకుని గానీ వేలు ఆనించేవాళ్ళు కాదు. బడిలో పెగిలిన గొంతు గ్రామసభలోనూ పలికింది. వీధి దీపాలు, మురుగు కాలవ, ఉపాధి పని మస్టర్లు ఒక్కొక్కటీ పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని అడుగుతుంటే సర్పంచి గారు కుర్చీలో సర్దుకునేవారు.

ఇంతలో మండలంలోని ప్రైవేటు స్కూలులో ఉచిత సీట్లకు దరఖాస్తులు పిలిచారు. అందరికంటే ముందు తెలుసుకున్నదీ, దరఖాస్తు పెట్టిందీ మిషనక్కే. లాటరీలో చిన్నదానికి ఒకటో తరగతి సీటొచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఒకే బస్సులో వెళ్తారని, అప్పు చేసి పెద్దదాన్నీ అక్కడే చేర్చింది. "ఆవిడే పంపిందంటే ఇక్కడేముంది?" అనుకుని ఓపిక ఉన్నవాళ్ళు తలో స్కూలూ చూసుకున్నారు.

ఊరి బడిలో తమ పిల్లలు లేరు కనుక కమిటీలో వాళ్ళకి చోటూ లేదు. కమిటీ రద్దు కాలేదు. సమావేశాలు పుస్తకంలో జరుగుతూనే ఉన్నాయి. గుడ్డు వారానికి ఎన్నిసార్లో అడిగేవాళ్ళే లేరు.

కొత్త స్కూలు బస్సులో పిల్లల్ని కుక్కి పంపుతున్నారని మిషనక్క ఆఫీసుకు వెళ్ళింది. "ఇక్కడ కమిటీలూ అవీ ఉండవమ్మా. నచ్చకపోతే టీసీ తీసుకెళ్ళండి" అన్నాడు మేనేజరు. ఆవిడకి జీవితంలో మొదటిసారి జవాబు తోచలేదు.

ఎండాకాలం ఊరి ట్యాంకుకు నీళ్ళు ఎక్కడం మానేశాయి. గ్రామసభకు రమ్మని ఇల్లిల్లూ తిరిగితే "మా వాడి బస్సొచ్చే వేళక్కా" అని ఒకరు, "మన బడి సంగతులేవీ నాకిప్పుడు తెలీవక్కా" అని ఒకరు. ఆవిడ ఒక్కతే వెళ్ళి అడిగింది. సర్పంచి గారు ఈసారి కుర్చీలో కదల్లేదు. "ఇంకెవరూ అడగట్లేదు కదమ్మా. నీళ్ళు రానిది నీ ఒక్క ఇంటికేనా?"

నీతి: మిషనక్కని తప్పుపట్టే కథ కాదిది. మంచి బడి దొరికితే ఏ తల్లయినా పంపుతుంది, పంపాలి కూడా. కానీ నాణ్యత తగ్గినచోటి నుంచి ముందుగా వెళ్ళిపోయేది దాన్ని ఎక్కువ పట్టించుకునేవాళ్ళేనని, ఉండి గట్టిగా అడగగలిగిందీ వాళ్ళేనని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే బడులనే ఉదాహరణగా తీసుకుని చెప్పాడు.

మన 2009 విద్యాహక్కు చట్టంలోనే ఈ చిక్కు ఉంది. పన్నెండో సెక్షను ప్రైవేటు బడుల్లో కనీసం 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇమ్మంటుంది. ఇరవై ఒకటో సెక్షను ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలనీ, సగం మంది ఆడవాళ్ళుండాలనీ అంటూనే, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులను వదిలేస్తుంది. పిల్లకు సీటు దొరికిన చోటే తల్లికి సీటు పోతుంది. నిన్నటిదాకా లెక్కలు అడిగిన మనిషి ఇవాళ ఫీజు కట్టే, లేదా ఫీజు మినహాయింపు పొందే ఖాతాదారు.

2008లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ వేసి పిల్లలను ప్రైవేటు బడులకు పంపి చూశారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగు, లెక్కల్లో పెద్ద తేడా లేదు, హిందీలో మెరుగు, ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లకయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. మార్కులకీ ఖర్చుకీ ఆ లెక్క సరిపోతుంది. ఊరు పోగొట్టుకున్న గొంతుకి సరిపోదు.

అందుకే సర్కారు సొమ్ముతో పిల్ల ఏ బడికి వెళ్ళినా, ఆ బడి కమిటీలో తల్లికి కుర్చీ ఉండాలి. బడిని ఎంచుకోవచ్చు. నీళ్ళ ట్యాంకునీ మురుగు కాలవనీ ఎంచుకునే దరఖాస్తు ఎక్కడా లేదు, వాటికోసం అడగాలంటే పదిమంది కావాలి.