ఉపకారమునకు జ్ఞానము వలదా?

ఉద్దేశము మంచిదైనంతమాత్రమున ఉపకారము దోషరహితమగునా? ఈ ప్రశ్నకు నీతిశాస్త్రములకంటె ముందుగా పూదోటయే యుత్తరమీయగలదు.

ఐరిసు అను పుష్పమునకు గ్రీకుల యింద్రధనుర్దేవత పేరు పెట్టిరి. అమెరికాలోని ఆరిగాను రాష్ట్రపు పడమటిభాగమున చలికాలమంతయు ముసురు. నేల పలుచోట్ల బంకమన్ను. అచ్చట గడ్డపు ఐరిసును పెంచబూనిన క్రొత్తవారు పలుమాఱు దయచేతనే దానిని చంపుదురు. దుంప చలికి తాళదని లోతుగా పాతుదురు. నేల నిస్సారమని పచ్చియెరువు దండిగా వేయుదురు. అల్లమువలె అడ్డముగా పాకెడి యా దుంప తడిలో మెత్తబడి, సూక్ష్మజీవులకు లోనై, దుర్గంధముతో కుళ్లును. నత్రజని మిక్కుటమైన యెరువు ఆకులను లేతగా పెంచి యీ తెగులునకు త్రోవ చేయును. దానికి కావలసినవి వేఱు: నీరు నిలువని యెత్తైన మడి, వీపు వెలుతురునకు కనబడునట్లు పైపై నాటుట, దినమునకు 6 గంటలకు తక్కువకాని యెండ, 3, 4 ఏండ్ల కొకసారి దుంపలను విడదీయుట. పేదనేల దానికంత శత్రువు కాదు; నిలిచిన నీరే శత్రువు.

అట్లని పొడినేలయే యెల్లరకు మేలని సూత్రము కట్టుదమా? జపానుదేశపు హనషోబు కూడ ఐరిసే. అది పెరిగెడి కాలమున తడిని, ఆమ్లగుణముగల నేలను కోరును. తోక్యోనగరమందలి మెయిజి మందిరపు తోటలో జూన్ నెల వానలలోనే విరియును. ఒకే కుటుంబమున నొకదానికి ప్రాణమైనది మఱియొకదానికి మృత్యువు.

ఇచ్చట నొక ప్రమాదము గలదు. ఎవరి స్వభావము వారిది గావున స్త్రీకి వంటిల్లును, పేదకు పేదఱికమును తగునని వాదించువారు ఈ దృష్టాంతమును తమ పక్షమునకు లాగికొందురు. మేమందుల కొప్పము. మొక్కకు నోరులేదు, పలుచోట్ల నాటి, కనిపెట్టి చూచినగాని దాని స్వభావము తెలియదు. మనుష్యునకు నోరున్నది. ఆతని నడుగక, పుట్టుకనుబట్టి యాతని కేది తగునో మనమే నిర్ణయించుట ఏ జాతి దుంపయో చూడకయే పాతుటవంటిది.

మన యిండ్లలో బిడ్డలకు, కోడండ్రకు, వృద్ధులకు మనము చేయు సేవలో వారు కోరిన దెంత, మన మనస్సునకు తృప్తినిచ్చున దెంత? ఈ లెక్క వేసికొనుటకు చాలమంది వెనుదీయుదురు. కాని కుళ్లు సోకిన దుంపను సైతము సకాలమున పెల్లగించి, చెడినంతమేర కోసి, యెండలో నారబెట్టినచో పెక్కుసారులు బ్రదుకును. దయగలవాని కడుగుటకు సిగ్గు వలదు. అడిగినపిదప వినుటకు మాత్రము ఓర్పు వలయును.